విరిగిన రాకెట్టు: అతకాలా, కొత్తగా కట్టాలా?

మీ నమూనా రాకెట్టు పైకి లేచింది. పారాచూటు విచ్చుకోలేదు. నేలకు కొట్టుకుని ఒక రెక్క ఊడింది, ముక్కు కింద గొట్టం నలిగింది. ఇప్పుడేం చేయాలి?

1954లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ ఈ రకం రాకెట్టును రూపొందించాడు. కాగితపు గొట్టం, దిగడానికి పారాచూటు. మోటారు మార్చి మళ్ళీ ఎగరేయవచ్చు. కనుక మరమ్మతు అప్పటినుంచీ ఉన్నదే.

ముందు లోపలికి చూడండి. మోటారును పట్టి ఉంచే గూడు కాలినా, కదులుతున్నా అతకవద్దు. తోపుడు బలమంతా పడేది అక్కడే. ఆ భాగం కొత్తగా కట్టవలసిందే. నలిగిన గొట్టం మీద కాగితం చుడితే కంటికి బాగానే ఉంటుంది గాని, ఒకసారి మడతపడిన అట్ట మళ్ళీ అక్కడే ముడుచుకుంటుంది. నలిగినంత మేర కోసివేసి, అంతే పొడవు కొత్త ముక్కను లోపల అతుకుగొట్టం పెట్టి చేర్చాలి. ఊడిన రెక్కకు పాత జిగురు గీకి అతికిస్తే చాలు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. రాకెట్టు నిటారుగా ఎగరాలంటే దాని గరిమనాభి, గాలి బలాలు కలిసి పనిచేసే పీడన కేంద్రానికి ముందు, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి. పాత ఆకారమే వస్తే పీడన కేంద్రం కదలదు. జిగురు బరువుకు గరిమనాభి మాత్రం కదులుతుంది.

లెక్క చూడండి. మోటారుతో కలిపి రాకెట్టు 60 గ్రాములు. గొట్టం వ్యాసం 2.5 సెం.మీ. ముక్కు కొన నుంచి గరిమనాభి 30 సెం.మీ., పీడన కేంద్రం 33 సెం.మీ. దూరంలో ఉన్నాయి. ఎడం 3 సెం.మీ.; సరిపోయింది. రెక్కల దగ్గర, అంటే 44 సెం.మీ. వద్ద, 4 గ్రాముల జిగురు చేరిందనుకోండి. (జిగురు ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందని అందరమూ అనుకుంటాం!) అప్పుడు గరిమనాభి:

(60×30 + 4×44) ÷ 64 = 30.9 సెం.మీ.

ఎడం 2.1 సెం.మీ.కు తగ్గింది. గాలిలో దారి తప్పి చూసేవాళ్ళ మీదికే రావచ్చు. ముక్కులో, కొనకు 4 సెం.మీ. దూరాన, 1 గ్రాము బంకమట్టి పెడితే గరిమనాభి 30.5కు వస్తుంది. ఎడం మళ్ళీ 2.5. మీరే లెక్కకట్టి సరిచూడండి.

అయితే ఇలా అటూ ఇటూ బరువు చేరుస్తూ పోతే, మోటారు ఎత్తగల బరువు దాటిపోతుంది. అప్పుడు పాత ముక్కు, పారాచూటు దాచుకుని గొట్టం, రెక్కలు కొత్తవి చేయండి.

అతికినదైనా, కొత్తదైనా, మోటారు పెట్టి గరిమనాభి వద్ద దారం కట్టి, ఖాళీ మైదానంలో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు చూస్తూ సాగితే ఎగరేయవచ్చు. తోక ముందుకు తిరిగితే ఆ రోజుకు మోటారు తీసి పెట్టెలో పెట్టేయండి.