అమలాపురం నుంచి ఆసియా విజేతగా: సాత్విక్‌సాయిరాజ్

బాడ్మింటన్ జంట ఆటలో ఒక్కరి ప్రతిభను విడదీసి కొలవడం కష్టం. పాయింటును ముగించిన బలమైన దెబ్బ అందరి కంటా పడుతుంది. అంతకుముందు వల దగ్గర బంతిని మెల్లగా తాకి ఆ దెబ్బకు వీలు కల్పించిన సహచరుని నేర్పు చాలామంది దృష్టికి రాదు. కోనసీమలోని అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టి కలసి సాధించిన విజయాలను ఈ దృష్టితోనే పరిశీలించాలి.

నేపథ్యం

సాత్విక్ 2000 ఆగస్టు 13న జన్మించాడు. తండ్రి వ్యాయామోపాధ్యాయులు, రాకెట్ పట్టడం అతనికి ఇంటి నుంచే అలవడింది. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అప్పటికి మన దేశానికి ఈ ఆటలో లభించిన కీర్తి ప్రధానంగా సింగిల్స్ క్రీడాకారులు తెచ్చినదే. 1980లో ప్రకాశ్ పదుకొనే, 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ విజేతలైనారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం గెలిచింది. మహిళల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప 2010లో కామన్వెల్త్ స్వర్ణాన్ని, 2011లో ప్రపంచ కాంస్యాన్ని సాధించి కొత్త దారి చూపారు. పురుషుల డబుల్స్‌లో ప్రపంచ పతకం మాత్రం అప్పటికి లేదు. ఆ విభాగాన్ని ఎంచుకున్న బాలునికి ముందు నడిచిన అడుగుజాడలు తక్కువ.

జంట కూర్పు

సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్ కోర్టు వెడల్పు 6.10 మీటర్లు. పొడవు రెండింటికీ 13.40 మీటర్లే. స్థలం పెరిగినది స్వల్పం, ఆటగాళ్లు మాత్రం రెట్టింపు. అందువల్ల ఆట వేగం హెచ్చుతుంది, ఆలోచించుకునే వ్యవధి తగ్గుతుంది. దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక నిలుస్తారు. రక్షణలో పక్కపక్కన నిలుస్తారు. క్షణకాలంలో జరిగే ఈ మార్పునకు మాటలతో పనిలేదు, పరస్పర విశ్వాసమే ఆధారం.

మలేసియాకు చెందిన శిక్షకుడు టాన్ కిమ్ హర్ ఈ ఇద్దరినీ జతపరచాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనుకనుంచి బలంగా కొట్టడానికి అలవాటుపడినవారు. ఇటువంటి జంటలో ఎవరో ఒకరు తమ అలవాటును మార్చుకోక తప్పదు. చిరాగ్ వల దగ్గరి ఆటను సాధన చేశాడు. సాత్విక్ స్మాష్‌కు అది అండయింది. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో జరిపిన పరీక్షలో సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది.

గెలుపు, ఓటమి

2018 కామన్వెల్త్ క్రీడలలో రజతం, 2019లో థాయ్‌లాండ్ ఓపెన్ టైటిల్ వారి తొలి పెద్ద ఫలితాలు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో వారు తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చి లిన్‌లను ఓడించారు. గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచినా, గేముల తేడా లెక్కలో వెనుకబడి నిష్క్రమించవలసివచ్చింది. చివరకు స్వర్ణం గెలిచినది వారి చేతిలో ఓడిన ఆ జంటయే.

మరుసటి సంవత్సరమే ఫలితం వేరుగా వచ్చింది. 2022 మే 15న బాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్‌లో ఇండోనేసియాతో తొలి గేము కోల్పోయి కూడా 23-21, 21-19తో గెలిచారు. ఉత్తరాఖండ్‌కు చెందిన లక్ష్య సేన్, గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ సింగిల్స్‌లో గెలవగా, భారత్ 3-0తో ఆ కప్పును మొదటిసారి అందుకున్నది. ఆ ఏడే బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం, టోక్యోలో ప్రపంచ కాంస్యం లభించాయి. 2023లో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా తరువాత భారత్‌కు అది మొదటి ఆసియా టైటిల్. అక్టోబరు 7న హాంగ్‌జౌలో గెలిచిన స్వర్ణం ఆసియా క్రీడల బాడ్మింటన్‌లో మన దేశానికి తొలి స్వర్ణం. ఆ నెలలోనే ప్రపంచ ప్రథమ స్థానం దక్కింది. ఆ సంవత్సరపు ఖేల్ రత్న పురస్కారం ఇద్దరికీ ప్రకటించారు.

2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మలేసియా జంట ఆరన్ చియా, సో వుయ్ యిక్ చేతిలో మొదటి గేము గెలిచి కూడా ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి మరణించారు. ఆ ఆగస్టులో అదే పారిస్ నగరంలో, ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్‌లో అదే మలేసియా జంటను ఓడించి రెండవ ప్రపంచ కాంస్యాన్ని ఖాయం చేసుకున్నారు.

గ్రహించవలసినది

ఒకరి మాతృభాష మరొకరిది కాదు. ఒకరు గోదావరి తీరంలో, మరొకరు సముద్రతీర మహానగరంలో పెరిగారు. వారిని కలిపినది ఒకే విధంగా ఉండటం కాదు, ఒకరి కొరతను మరొకరు పూరించడానికి సిద్ధపడటం. ఒలింపిక్ పతకం వారికి ఇంకా దక్కలేదు. అయినా నేడు ఏ పాఠశాల ఆవరణలోనైనా డబుల్స్ ఆడదలచిన బాలుడు తన ముందు దారి లేదని అనుకోనవసరం లేదు.