ఒక్క అక్షరం అందించండి: గళ్ల నుడికట్టుతో ఒక ఆరోగ్య పాఠం



ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక పెన్సిలు, ఒక రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో అమ్మమ్మగారో, తాతగారో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఇది ఇద్దరు కలిసి చదవవలసిన పాఠం.

ఆదివారం పత్రికలో అడ్డం, నిలువు ఆధారాలతో గళ్ల నుడికట్టు వస్తుంది కదా! చాలామంది దానిని కాలక్షేపం అనుకుంటారు. ఒక వార్డు నర్సుకు అది ఏమి నేర్పిందో ఈసారి చెబుతాను. చివరలో మీరు కూడా ఒకటి పూర్తి చేస్తారు.

మాస్టారి ఆదివారం

కొన్నేళ్ల క్రితం మా వార్డుకు ఒక రిటైర్డు తెలుగు మాస్టారిని తీసుకువచ్చారు. ప్రతి ఆదివారం ఉదయం కాఫీ చల్లారేలోగా నుడికట్టు పూర్తి చేయడం ఆయనకు అలవాటట. ఆ ఆదివారం ఎనిమిది గంటలకు పెన్సిలు రెండుసార్లు చేతిలోంచి జారింది. అక్షరాలు గళ్లు దాటి పోయాయి. "ఏమైంది మామయ్యగారూ?" అని కోడలు అడిగితే ఆయన చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. రాత్రి నిద్ర లేక అలసిపోయారేమో, కాసేపు పడుకోనిద్దాం అనుకున్నారు. సాయంత్రం నాలుగు గంటలకు లేపి చూస్తే కుడి చేయి, కుడి కాలు కదలలేదు.

ఆసుపత్రికి వచ్చేసరికి గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వగలిగిన సమయం దాటిపోయింది. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు. మాట తడబడటం కూడా ప్రమాద సూచన అని ఎవరికీ తెలియదు, అంతే.

తరువాత పొరపాటు నాది. మాస్టారు ఏదో అడగాలని "నీ... నీ..." అని కష్టపడుతుంటే నేను జాలిపడి వెంటనే "నీళ్లా మాస్టారూ?" అని గ్లాసు అందించేదాన్ని. మాట నేర్పడానికి వచ్చిన థెరపిస్టు అది చూసి, "సిస్టర్, మాట మొత్తం మీరే అనేస్తే ఆయన ఎప్పుడు అంటారు? మొదటి అక్షరం అందించి ఆగండి" అన్నారు. మరునాడు గ్లాసు చూపించి "నీ" అని ఆగాను. మనసులో పది లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర మాస్టారు "ళ్లు" అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి, నావి కూడా.

ఆలోచిస్తే నుడికట్టు చేసే పని కూడా ఇదే. మాట మొత్తం చెప్పదు. ఒక ఆధారం ఇస్తుంది, పక్క మాటలోనుంచి ఒక అక్షరం అందిస్తుంది, మనకోసం ఆగుతుంది.

మాట ఎక్కడ ఉంటుంది?

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప దాదాపు మరేమీ పలకలేని ఒక రోగిని చూశారు. ఆ రోగి మరణించాక పరీక్షిస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నట్టు తెలిసింది. మనలో ఎక్కువమందికి మాటను నడిపించేది ఎడమ మెదడు. శరీరంలో కుడివైపును నడిపించేది కూడా అదే. అందుకే కుడి చేయి పడిపోయినవారికి చాలాసార్లు మాట కూడా పోతుంది. తెలివి పోయిందని అనుకోకూడదు. వారికి విషయం తెలిసే ఉండవచ్చు, మాట మాత్రం చేతికి అందదు.

ప్రతి మాటకూ రెండు పిడులు ఉంటాయి. ఒకటి అర్థం, రెండోది శబ్దం. ఒక పిడి జారితే రెండో పిడి పట్టుకుని మాటను పైకి లాగవచ్చు. చమత్కారంగా రాసిన నుడికట్టు ఆధారంలో ఈ రెండు పిడులూ ఉంటాయి.

నుడికట్టు నియమాలు

ఇంగ్లీషులో మొదటి నుడికట్టును ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ప్రచురించారు. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక పేరుతోను, ఆరుద్ర గళ్ల నుడికట్టు పేరుతోను ఇటువంటివి కూర్చారు.

తెలుగులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, వత్తు, సున్న అన్నీ ఆ గడిలోనే ఇమడాలి. "క్ష" ఒక గడి, "తం" ఒక గడి. ఆధారం పక్కన ఉన్న అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. ఆధారాలు ముఖ్యంగా నాలుగు రకాలు.

1. రెండర్థాలవి. "ప్రభుత్వానికి కట్టేది, నోట్లో కట్టించుకునేది (2)": పన్ను. "ఒక్కటే ఉన్నా వేలే (2)": వేలు.

2. తిరగేసేవి. "లత తిరగబడితే టోపీ పెట్టుకుంటుంది (2)": తల.

3. అతికించేవి. "నెత్తురు పక్కన సముద్రం పొంగు (4)": రక్తం, పోటు కలిపితే రక్తపోటు. సముద్రానికి పోటు వచ్చినా ఆటుతో తగ్గుతుంది. మన బి.పి. దానంతట అది తగ్గుతుందని ఊరుకోకూడదు.

4. కత్తిరించేవి. "అక్షయ తల పోగొట్టుకుంటే దగ్గు మిగిలింది (2)": క్షయ. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలని దీనితో పాటే గుర్తుపెట్టుకోండి.

మాస్టారు స్వయంగా కట్టిన ఆధారం ఒకటి ఉంది: "డాక్టరు తాగమంటారు, డాక్టరే తాగొద్దంటారు (2)". జవాబు ఆలోచిస్తూ ఉండండి, చివర చెబుతాను.

అభ్యాసం

ఈ గళ్లను ఒక కాగితం మీద గీసుకోండి. నల్లగడిలో ఏమీ రాయకూడదు.

మొదటి వరుస: [1] [ ] [ ] [ ]
రెండో వరుస: [ ] ■ ■ ■
మూడో వరుస: [2] [ ] [3] ■
నాలుగో వరుస: ■ ■ [4] [ ]
ఐదో వరుస: [5] [ ] [ ] ■

అడ్డం
1. పదిహేను రోజులు, వెనకే గాలి. మనిషిలో సగాన్ని పడగొడుతుంది (4)
2. ఎటునుంచి చదివినా చిన్న నిద్రే (3)
4. చిరునవ్వులో నవ్వు పోయింది. మిగిలింది తిరగబడితే నాలుకకు తెలుస్తుంది (2)
5. ఆకలేస్తే కాలుతుంది, బిడ్డ కలిగితే పండుతుంది (3)

నిలువు
1. అన్నంలో ఉంటే వంట కుదరలేదు, నోట రాకపోతే ఒళ్లు కుదురుగా లేదు (3)
3. కుదుపు నడుమ ఒక్క అక్షరం మారింది, చీము పట్టింది (3)

ఇక్కడ ఆగండి. మీరు ప్రయత్నించాకే కిందికి చదవండి.

కలిసి పూర్తి చేద్దాం

ఒకటో నంబరుతోనే మొదలుపెట్టాలని లేదు. సులువుగా దొరికేదాన్ని ముందు పట్టుకోండి.

2 అడ్డం: కునుకు. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. మధ్యాహ్నం చిన్న కునుకు తీస్తే తప్పు లేదు. కానీ రాత్రి గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలంతా తూగేవారు డాక్టరుకు చూపించుకోవాలి. బి.పి. పెరగడానికి అది ఒక కారణం.

ఈ మాట రెండు "కు"లను మన చేతికి ఇచ్చింది. మొదటి "కు" 1 నిలువుకు చివరి అక్షరం. రెండో "కు" 3 నిలువుకు మొదటి అక్షరం.

1 నిలువు: పలుకు. సరిగా ఉడకని మెతుకులో పలుకు ఉంటుంది, నోటి మాట కూడా పలుకే.

1 అడ్డం: ఇప్పుడు "ప" దొరికింది. పదిహేను రోజులంటే పక్షం, గాలి అంటే వాతం. రెండూ అతికితే పక్షవాతం. పక్షం అంటే ఒక పక్క అనే అర్థం కూడా ఉంది. జబ్బుకు ఆ పేరు అందుకే వచ్చింది. గాలి సోకి వచ్చే జబ్బని మాత్రం అనుకోకండి. మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళం మూసుకుపోయినా, చిట్లినా వస్తుంది.

3 నిలువు: "కుదుపు"లో "దు" తీసి "రు" పెడితే కురుపు. కాలి మీద కురుపు మానకుండా ఉంటే షుగరు పరీక్ష చేయించండి. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి పాదాలు చూసుకోవాలి.

4 అడ్డం: చిరునవ్వులో నవ్వు తీస్తే "చిరు", తిరగేస్తే రుచి. ఉప్పు విషయంలో నాలుక మాట పూర్తిగా వినకండి. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకంటే, అంటే సుమారు ఒక టీస్పూనుకంటే, తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

5 అడ్డం: చివర "పు" ఉంది కదా! కడుపు. ఒళ్లు నొప్పులని డాక్టరును అడగకుండా రోజుల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండు పడవచ్చు.

పెద్దవారితో ఎలా ఆడాలి?

పెద్ద అక్షరాలతో రాయండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే పెట్టుకోమనండి. ఆధారం నెమ్మదిగా రెండుసార్లు చదవండి. జవాబు రాకపోతే ఒక్క అక్షరం అందించి, పది లెక్కపెట్టేవరకు ఆగండి. అప్పటికీ రాకపోతే ఇంకొక అక్షరం ఇవ్వండి. "ఇది కూడా తెలియదా?" అనవద్దు. పరీక్ష పెట్టినట్టు ఉండకూడదు, పక్కన కూర్చున్నట్టు ఉండాలి. చదువు రానివారితో ఇదే ఆటను పొడుపు కథలతో ఆడవచ్చు.

పక్షవాతం వచ్చినవారికి నుడికట్టు మొదట కష్టం. చదవడం, రాయడం కూడా దెబ్బతిని ఉండవచ్చు. వారికి గ్లాసు, కంచం, దువ్వెన వంటి చేతిలోని వస్తువుల పేర్లతో మొదలుపెట్టండి. థెరపిస్టు చెప్పినట్టు చేయండి.

ఇది మతిమరుపును ఆపుతుందా?

చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. 2022లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గిన 107 మంది 78 వారాలు పాల్గొన్నారు. కొందరు కంప్యూటరులో నుడికట్లు పూర్తి చేశారు, మిగిలినవారు మెదడుకు పదును పెట్టే ఆటలు ఆడారు. నుడికట్లు చేసినవారి ఫలితాలే కొంచెం మెరుగ్గా వచ్చాయి. కానీ ఏమీ ఆడనివారితో పోల్చి చూడలేదు. కాబట్టి నుడికట్టు మతిమరుపు రాకుండా ఆపుతుందని చెప్పలేము.

2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక మతిమరుపు జబ్బుకు సంబంధించి మనం మార్చుకోగల 14 కారణాలను చెప్పింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని అంచనా. బి.పి., షుగరు, పొగ, మద్యం, వ్యాయామం లేకపోవడం, చూపు, వినికిడి తగ్గడం వాటిలో ఉన్నాయి. ఒంటరితనం కూడా ఉంది. నుడికట్టును బి.పి. మాత్రకు బదులు వాడవద్దు, మాత్ర వేసుకున్నాక పక్కన కూర్చుని ఆడండి.

ఎప్పుడు ఆగకూడదు?

ఇంతవరకు ఆగండి, ఆగండి అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు చెప్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం.

నిన్నటివరకు బాగా మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి మాట తడబడితే, ముఖం ఒక పక్కకు వంకరపోతే, ఒక చేయి పైకెత్తితే జారిపోతే, పది కాదు, ఒకటి కూడా లెక్కపెట్టవద్దు. వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసుకోండి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో, అర్హులైనవారికి గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. నోట్లో నీళ్లు, అన్నం, మాత్రలు వేయవద్దు, ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పసరు, నాటు వైద్యం అంటూ తిరగవద్దు. పది నిమిషాలలో మాట తిరిగి వచ్చినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పెద్ద పక్షవాతానికి అది ముందస్తు హెచ్చరిక కావచ్చు.

గుర్తుంచుకోవలసినవి

1. మాట వెతుక్కుంటున్నవారికి ఒక్క అక్షరం అందించి ఆగండి.
2. మాట ఉన్నట్టుండి పోతే ఆగవద్దు.
3. బి.పి., షుగరు మాత్రలు మానవద్దు.
4. వారానికి ఒక్కసారైనా పెద్దవారి పక్కన కూర్చుని ఏదైనా ఆడండి.

మాస్టారు ఇంటికి వెళ్లేనాటికి కర్ర సాయంతో నాలుగడుగులు వేయగలిగారు. కుడి చేయి పూర్తిగా రాలేదు. కోడలు ప్రతి ఆదివారం నుడికట్టు పక్కన కూర్చుని ఆయన చెప్పిన అక్షరాలు గళ్లలో రాస్తానంది. వెళ్లే ముందురోజు ఆయన నన్ను పిలిచి, రెండు రోజులు కష్టపడి కట్టిన ఆ ఆధారాన్ని ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. మాస్టారు నవ్వి, "మం" అని, ఎడమ చేతి వేళ్లు మడుస్తూ పది లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆరు దగ్గర నేను "దు" అన్నాను.