కారుచున్న వేప్ పరికరము: కారణము, కర్తవ్యము

ప్రశ్న: మా అబ్బాయి విదేశమునుండి తెచ్చుకొన్న వేప్ పరికరము అడుగునుండి ద్రవము కారుచున్నది. బాగుచేయించు మార్గమేది?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట

జవాబు: అయ్యా, ఈ పరికరమందు ద్రవమును, దానిని వేడిచేయు కాయిల్‌నంటియున్న దూది పీల్చి నిలుపుచుండును. ఆ దూది మాడినను, కాయిల్ మర వదులైనను, రబ్బరు వాషరు అరిగినను, ట్యాంకును అంచువరకు నింపినను, ద్రవము గాలిదారివెంట క్రిందికి దిగక మానదు. మన కృష్ణాతీరపు వేసవియెండకు ద్రవము పలుచనై మఱింత సులభముగా జారును. విమానములో పీడనము తగ్గినప్పుడు ట్యాంకులోని గాలి వ్యాకోచించి ద్రవమును వెలికి నెట్టును.

కావున పరికరమును ఆపి, చేతులకు తొడుగులు ధరించి, ట్యాంకును బ్యాటరీనుండి విడదీసి, రెండింటిని పొడిగుడ్డతో తుడువవలెను; ఏలయన ద్రవములోని నికోటిన్ చర్మముద్వారా దేహమున ప్రవేశించును, తడిసిన లిథియం బ్యాటరీ షార్టై మండవచ్చును. అట్టిదానికి ఛార్జింగు పెట్టరాదు. ఆ ద్రవము కొద్దిగా మ్రింగినను పసిబిడ్డలకు ప్రాణాపాయము గనుక, వారికి అందనీయరాదు.

అయితే క్రొత్త కాయిల్ కొఱకు ఏలూరు రోడ్డు అంగళ్ళన్నియు తిరుగుట తగని పని. ఏలయన వేప్ పరికరములు ఎలక్ట్రానిక్ సిగరెట్లే; వాటి తయారీని, దిగుమతిని, విక్రయమును, ప్రకటనను 2019నాటి కేంద్రశాసనము నిషేధించినది. తొలి నేరమునకే ఏడాదివరకు కారాగారమో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

కనుక మరమ్మతుయోచన మాని, బ్యాటరీ కొనలకు టేపు చుట్టి, బందరు కాలువలోనో చెత్తకుండీలోనో పడవేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి అప్పగింపుడు. అబ్బాయిని మందలించుటకంటె, పొగాకు మానదలచినవారికి ఉచితముగా సలహానిచ్చు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు అతనిచేతనే ఫోను చేయించుట మేలు.