మన కంప్యూటరు తెరను మనకు తగ్గట్టు మార్చుకుందాం

(వ్యాసం: 9వ తరగతి విద్యార్థిని)



మన ల్యాబులోని పాత కంప్యూటర్లలో లినక్స్ ఉంది. ఆరో తరగతి చెల్లెళ్ళు దాని ముందు కూర్చోగానే "అంతా ఇంగ్లీషే ఉంది, మాకు రాదు" అని మౌసు మీది నుంచి చెయ్యి తీసేస్తున్నారు. ఇంగ్లీషు రాకపోవడం వేరు, కంప్యూటరు రాకపోవడం వేరు. మన ఇళ్ళల్లో మొదట బడికి వచ్చినవాళ్ళం మనమే. సెలవుల్లో ఇంటికి పోయి అడుగుదామంటే చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే నాకు తెలిసింది వరుసగా రాస్తున్నాను. చదివి, ల్యాబు పీరియడులో చేసి చూడండి.

1. లినక్స్ అంటే ఏమిటి? డెస్క్‌టాప్ అంటే ఏమిటి?

1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి కంప్యూటరును నడిపించే మూల భాగం రాశాడు. అప్పుడు అతని వయసు 21 ఏళ్ళు. ఆ మూల భాగాన్ని కెర్నల్ అంటారు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' అనే పనిని ప్రకటించాడు. ఈ రెండింటితోపాటు ఇంకా ఎంతోమంది రాసినవి కలిసి మన ల్యాబులో నడుస్తున్నాయి. దీన్ని ఎవరైనా వాడవచ్చు, లోపల ఎట్లా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. అందుకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. మన అన్నల చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది కూడా లినక్స్ కెర్నలే.

మరి డెస్క్‌టాప్? మా గోండు గూడెంలో దండారి పండుగ వస్తున్నదంటే ఇల్లు అలుకుతాం, గోడలకు రంగు మట్టి పూస్తాం, ముగ్గులు పెడతాం. నిట్టాడును, దూలాలను మాత్రం ముట్టుకోం. కెర్నల్ నిట్టాడు లాంటిది. డెస్క్‌టాప్ గోడ లాంటిది. తెర మీద కనిపించే పట్టీలు, బొమ్మలు, కిటికీలు, మెనూలు అన్నీ డెస్క్‌టాప్. గోడ రంగు మారిస్తే ఇల్లు కూలదు. అట్లాగే తెర రూపం మారిస్తే కంప్యూటరు చెడిపోదు.

2. మనకు ఏ డెస్క్‌టాప్ పనికొస్తుంది?

లినక్స్‌లో డెస్క్‌టాప్ ఒక్కటే కాదు. కెడిఈ, ఎక్స్‌ఎఫ్‌సిఈ 1996లో మొదలయ్యాయి. గ్నోమ్ 1997లో మొదలైంది. గ్నోమ్, కెడిఈ చూడడానికి బాగుంటాయి కానీ వాటికి మెమరీ ఎక్కువ కావాలి. ఎక్స్‌ఎఫ్‌సిఈ తేలికైనది. దాని గుర్తు ఎలుక. 2 జి.బి. మెమరీ ఉన్న పాత కంప్యూటరులో కూడా నడుస్తుంది. మన ల్యాబులో ఉన్నది ఇదే.

ఇది ఇప్పుడు అవసరమైన సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. మన సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సి.టి.సి. అంటారు. అక్కడ వరుసగా కంప్యూటర్ల దుకాణాలే. కొత్తది కొనాలంటే వేల రూపాయలు పెట్టాలి. తేలికైన డెస్క్‌టాప్ వేసుకుంటే చాలాసార్లు పాతదే పనికొస్తుంది, సాఫ్ట్‌వేరుకు పైసా కట్టక్కర్లేదు. కంప్యూటరులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ముందు చూసుకోవచ్చు కూడా.

3. మొదటి రోజు చేయాల్సినవి

ముందుగా మీ పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి పోవాలి. ఇందులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క ఫోల్డరు ఉంటుంది. మీరు చేసిన మార్పులన్నీ మీ ఫోల్డరులోనే దాచబడతాయి. మీరు ఎర్ర రంగు పెట్టుకుంటే పక్క అక్క తెర ఎర్రగా మారదు. హాస్టల్లో ఎవరి పెట్టె వాళ్ళదే కదా, అట్లా.

తెర మీద పైన అడ్డంగా ఉన్న పట్టీని ప్యానెల్ అంటారు. దాని ఎడమ చివర 'అప్లికేషన్స్' మెనూ, కుడివైపు గడియారం ఉంటాయి. మన ఫైళ్ళు చూపించే ప్రోగ్రాం పేరు థునార్. ఈ మీటలు గుర్తుంచుకోండి:

ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే మెనూ వస్తుంది.
ఆల్ట్, ఎఫ్3 నొక్కితే ప్రోగ్రాంను పేరుతో వెతకవచ్చు.
ఆల్ట్, ట్యాబ్ నొక్కితే ఒక కిటికీ నుంచి ఇంకొకదానికి పోవచ్చు.
కంట్రోల్, ఆల్ట్, కుడి బాణం నొక్కితే పక్క వర్క్‌స్పేసు వస్తుంది.

వర్క్‌స్పేసు అంటే ఇంకో తెర. ఒకదాంట్లో లెక్కలు, ఒకదాంట్లో బొమ్మలు పెట్టుకోవచ్చు. ఒక్క కంప్యూటరే నాలుగు బల్లల పని చేస్తుంది.

4. మార్చుకునే పద్ధతి

మెనూలో 'సెట్టింగ్స్ మేనేజర్' తెరవండి. అన్ని మార్పులూ ఇక్కడి నుంచే.

అ) అక్షరాల సైజు: 'అప్పియరెన్స్'లో 'ఫాంట్స్' నొక్కండి. మామూలుగా 10 ఉంటుంది. 12 గానీ 14 గానీ పెట్టండి. కళ్ళు సరిగా కనపడని చెల్లెలుకు ముందు చేయాల్సిన మార్పు ఇదే. రంగుల బొమ్మ తర్వాత.

ఆ) రంగులు: అక్కడే 'స్టైల్'లో తెర రంగులు, 'ఐకాన్స్'లో చిన్న బొమ్మలు మారతాయి.

ఇ) వెనక బొమ్మ: ఖాళీ చోట మౌసు కుడి బటన్ నొక్కి 'డెస్క్‌టాప్ సెట్టింగ్స్' తెరవాలి. మనం గీసిన బొమ్మను ఫోటో తీసి పెట్టుకోవచ్చు. నేను గుస్సాడీ నెమలి ఈకల టోపీ గీసి పెట్టుకున్నాను.

ఈ) ప్యానెల్: దాని మీద కుడి బటన్ నొక్కి సెట్టింగ్స్‌లో 'లాక్' తీసేస్తే కిందికి గానీ పక్కకు గానీ జరపవచ్చు. రోజూ వాడే ప్రోగ్రాంను ప్యానెల్ మీద పెట్టుకుంటే మెనూలో వెతకక్కర్లేదు.

ప్యానెల్ పొరపాటున పోతే భయపడవద్దు. ఖాళీ చోట కుడి బటన్ నొక్కితే అక్కడ కూడా అప్లికేషన్స్ కనిపిస్తాయి. అందులోంచి సెట్టింగ్స్‌కు పోయి 'ప్యానెల్'లో ప్లస్ గుర్తు నొక్కితే కొత్తది వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ముందు ఎట్లా ఉండెనో నోటుబుక్కులో రాసుకోండి.

5. తెర మీద తెలుగు

పేరు, పాస్‌వర్డ్ అడిగే చోటనే భాష ఎంచుకోవచ్చు. అందులో తెలుగు లేకుంటే సారుకు గానీ టీచరుకు గానీ చెప్పాలి. భాషను చేర్చడానికి వాళ్ళ పాస్‌వర్డ్ కావాలి. తెలుగు పెట్టినా కొన్నిచోట్ల ఇంగ్లీషు కనిపించవచ్చు. ఆ మాటను ఇంకా ఎవరూ తెలుగు చేయలేదని అర్థం.

తెలుగు టైపు చేయడానికి 'కీబోర్డ్'లో 'లేఅవుట్' తెరిచి, ఇండియన్ కింద ఉన్న తెలుగును చేర్చండి. భాష మార్చడానికి ఆల్ట్, షిఫ్ట్ మీటలు పెట్టుకోండి. ఈ అమరికను ఇన్‌స్క్రిప్ట్ అంటారు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. 'అమ్మ' రాయాలంటే: షిఫ్ట్‌తో డి (అ), సి (మ), డి (పొల్లు), మళ్ళీ సి (మ). అంతే. ఇదే అమరికలో హిందీ కూడా రాయవచ్చు. 'క' అక్షరం రెండింటికీ ఒకే మీట మీద ఉంటుంది.

ఈ తెలుగు దానంతట అది రాలేదు. ప్రోగ్రాంలోని ప్రతి మాటనూ ఒక ఫైలులో వరుసగా రాసి పెడతారు. ఇంగ్లీషు మాట పైన, దాని కింద ఖాళీ. ఆ ఖాళీలో ఒకరు కూర్చొని 'తెరువు', 'మూయి', 'భద్రపరచు' అని రాస్తారు. అట్లా వేల మాటలు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగు డెస్క్‌టాప్ ఉన్న ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులు కూడా ఆ పనిలో చేరారు.

6. మరి మన ఇంటి మాట?

మా ఇంట్లో గోండి మాట్లాడతాం. ఊరిని 'నార్' అంటాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్ళో గోండి లిపిలో రాసిన పాత పుస్తకాలు దొరికాయి. ప్రపంచంలోని అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటరులో నంబర్లు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు. తెలుగుకు 1991లోనే అందులో చోటు ఉంది. గుంజాల గోండికి 2018లో దొరికింది. 'నోటో' అనే ఉచిత ఫాంట్లలో గుంజాల గోండి ఫాంటు కూడా ఉంది. దాన్ని కంప్యూటరులో చేరిస్తే మా అక్షరాలు తెర మీద కనిపిస్తాయి.

అంటే అక్షరాలు వచ్చాయి. ఇక ఆ ఖాళీల్లో మాటలు రాసేవాళ్ళు కావాలి. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎందుకంటే ఇది మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేరు. కోయ, లంబాడీ అక్కలు తమ మాటలను తెలుగు లిపిలో రాసుకోవచ్చు. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు 'తెరువు, మూయి, వెతుకు, దాచు, చెరుపు, వెనక్కి, ముందుకు' అనే ఏడు మాటలను మీ అమ్మనో అవ్వనో అడిగి రాసుకొని రండి. అమ్మకు చదువు రాకున్నా ఈ మాటలు ఆమెకే మంచిగా తెలుసు. అన్నీ కలిపి వచ్చే సంచికలో పట్టిక వేద్దాం.

చెప్పుకోండి చూద్దాం

1. కెర్నల్‌కూ డెస్క్‌టాప్‌కూ తేడా ఏమిటి?
2. మీరు చేసిన మార్పులు పక్కవాళ్ళ తెర మీద ఎందుకు కనిపించవు?
3. ఇన్‌స్క్రిప్ట్‌లో 'అక్క' రాయడానికి ఏ మీటలు నొక్కాలి? (ల్యాబులో చేసి చూపించండి.)
4. తెలుగు పెట్టినా కొన్ని మాటలు ఇంగ్లీషులో ఉండడానికి కారణం ఏమిటి?