చర్మంపై మచ్చ: ఫోను సలహా ఎంతవరకు?



ఒంటిమీద మచ్చ కనిపించగానే ఫోటో తీసి, ఫోనులోని కృత్రిమ మేధను అడగడం అలవాటవుతోంది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చాక ఇది పెరిగింది. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తుంది. దాని సాయం ఎంతవరకో తెలుసుకుందాం.

ఉపయోగం ఏమిటి?

డాక్టరుగారు చెప్పిన వ్యాధి పేరు అర్థం కాకపోతే తేలిక మాటల్లో వివరిస్తుంది. వారిని అడగవలసిన ప్రశ్నలు ముందే రాసుకోవడానికి తోడ్పడుతుంది. కొందరు డాక్టర్లు కూడా రోగులకిచ్చే సూచనలు రాయడానికి దీన్ని వాడుతున్నారు. అయితే చదివి సరిదిద్దే బాధ్యత వారిదే.

ప్రమాదం ఎక్కడ?

ఇది తప్పును కూడా తడబడకుండా చెబుతుంది. పైగా చర్మవ్యాధులను గుర్తించే కొన్ని ఏఐ పద్ధతులు నల్లని చర్మంపై ఎక్కువగా పొరబడ్డాయని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో చూపించారు.

పాలిపోయిన మచ్చనే తీసుకోండి. ఫోటోలో అది శోభిలా కనిపించవచ్చు, కానీ కుష్ఠు కావచ్చు. డాక్టరుగారు కళ్లు మూసుకోమని, మచ్చను దూదితో తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. మోచేతి దగ్గర నరం ఉబ్బిందేమో వేళ్లతో తడిమి చూస్తారు. ఫోను ఈ పని చేయలేదు. కుష్ఠుకు ఎండీటీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వ్యాధి రకాన్నిబట్టి 6 లేక 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే చేతులు, పాదాలు, కళ్లు దెబ్బతినవచ్చు.

తామర సంగతీ అంతే. స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది గాని, తామర రూపు మార్చుకొని పాకుతుంది. తర్వాత దాన్ని గుర్తించడం డాక్టరుకే కష్టమవుతుంది.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

1. ఫోను చెప్పిన మందు సొంతంగా కొని వాడకండి.
2. ఫోను ఏం చెప్పిందో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. మీ భయమేమిటో వారికి తెలుస్తుంది.
3. మచ్చ ఎప్పుడు వచ్చింది, ఏమేం రాశారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నవి రాసుకొని రండి.
4. రోగి ముఖం, మర్మావయవాల ఫోటోలు అందులో పెట్టకండి.
5. స్పర్శలేని మచ్చ, మానని పుండు, త్వరగా పెరిగే పుట్టుమచ్చ, జ్వరంతో ఒంటిపై పొక్కులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

అందరూ దూరంగా ఉంచిన కుష్ఠరోగిని యేసు ప్రభువు చెయ్యి చాపి ముట్టారని సువార్తలో చదువుతాం. ఫోనును అడగడం తప్పు కాదు. కాని రోగిని ముట్టి చూసే చేతి దగ్గరకు తీసుకురావడం మాత్రం మానకండి.