చార్లీతో యెల్లోస్టోన్ దాకా

మన పల్లెల్లో గూడుబండిని మీరు చూసే ఉంటారు. పైన ఎండావానా ఆపే గూడు, లోపల గడ్డి పరిచి దుప్పటి వేసిన పడక. ఆ గూడుబండికి ఎద్దులకు బదులు మోటారు తగిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమెరికాలో దాన్ని 'కాంపర్' అంటారు. ట్రక్కు మీద చిన్న గది, అందులో పడక, పొయ్యి, నీళ్లతొట్టి, మడిచిపెట్టే బల్ల. సెలవులు రాగానే ఎన్నో కుటుంబాలు ఇలాంటి బండ్లలో జాతీయ పార్కులు చూడడానికి బయలుదేరతాయి. చాలా బండ్లలో ఇంటి కుక్క కూడా ప్రయాణం చేస్తుంది.

1960 సెప్టెంబరులో జాన్ స్టెయిన్‌బెక్ అనే రచయిత ఇలాగే బయలుదేరాడు. అతని తోడు చార్లీ అనే పూడుల్ జాతి కుక్క. బండికి అతడు రోసినాంటే అని పేరు పెట్టాడు. డాన్ క్విక్సోట్ కథలో ముసలి గుర్రం పేరు అది! ఆ యాత్ర గురించిన పుస్తకం 1962లో వచ్చింది. స్టెయిన్‌బెక్‌కు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ సంవత్సరమే. చార్లీ మహా సాధువు, ఎవరి జోలికీ పోదు. అటువంటి కుక్క యెల్లోస్టోన్ పార్కులో దారి పక్కన ఎలుగుబంట్లను చూడగానే పిచ్చెత్తినట్లు అరుస్తూ అద్దాల మీదికి ఎగబడింది. దాన్ని అదుపు చేయలేక స్టెయిన్‌బెక్ బండి వెనక్కు తిప్పాడు. 1872లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోనే మొదటి జాతీయ పార్కు. అంత దూరం వెళ్లి, కుక్క మూలంగా దాన్ని సరిగా చూడకుండానే రావలసి వచ్చింది.

చార్లీని తప్పు పట్టకండి. వాసన పట్టే కణాలు మన ముక్కులో సుమారు 50 లక్షలుంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. మనకు కిటికీలో కనిపించింది ఒక ఎలుగుబంటి. ఆ ముక్కుకు మాత్రం అడవి అంతా ఒక్కసారిగా బండిలోకి వచ్చిపడి ఉంటుంది.

యెల్లోస్టోన్‌లో కుక్కలకు గట్టి నిబంధనలున్నాయి. కాలిబాటల మీదికీ, వేడినీటి గుంటల దగ్గర వేసిన చెక్కబాటల మీదికీ వాటిని తీసుకుపోకూడదు. రోడ్డుకు 100 అడుగులు దాటి వెళ్లనివ్వకూడదు. మెడపట్టెకు కట్టిన తాడు 6 అడుగులకు మించరాదు. ఇవి చదివితే మీకు కోపం రావచ్చు. "పాపం, కుక్క ఏం చేసిందని?" అంటారు. 1981 జూలైలో జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి.

ఆ రోజు కాలిఫోర్నియా నుంచి ఇద్దరు యువకులు ట్రక్కులో వచ్చి వేడినీటి బుగ్గల దగ్గర ఆగారు. బండిలోంచి కుక్క తప్పించుకుని పరుగెత్తి, పక్కనే ఉన్న సెలెస్టీన్ అనే గుంటలో దూకింది. దూకిన మరుక్షణమే కేకలు పెట్టింది. వారిలో 24 ఏళ్ల యువకుడు దాన్ని కాపాడాలని, చుట్టూ ఉన్నవాళ్లు వద్దని అరుస్తున్నా వినకుండా తల ముందుకు పెట్టి ఆ నీటిలోకి దూకాడు. నీటి ఉష్ణోగ్రత సుమారు 94 సెంటీగ్రేడు డిగ్రీలు. కుక్క బతకలేదు. అతడు మరునాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

94 డిగ్రీల నీరు కుతకుత ఉడకదా, చూస్తే తెలియదా అని మీకు సందేహం రావాలి. తెలియదు! అసలు చిక్కంతా అక్కడే ఉంది.

యెల్లోస్టోన్ నేల అడుగున కొన్ని కిలోమీటర్ల లోతులో కరిగిన శిల ఉంది. వాననీరు, మంచు కరిగిన నీరు పగుళ్లగుండా కిందికి దిగి, అక్కడి వేడికి కాగి మళ్లీ పైకి వస్తాయి. ఈ ప్రాంతం సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుందనీ, పీడనం తగ్గితే నీరు తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరుగుతుందనీ మీరు చదువుకున్నారు. అక్కడ నీరు సుమారు 93 డిగ్రీల వద్దే మరుగుతుంది. లోపలి పీడనంలో కాగి వచ్చిన నీరు ఒక్కొక్కప్పుడు ఆ హద్దును కాస్త దాటి కూడా నిశ్చలంగా నిలబడగలదు. ఇక ఆవిరి మాటేమిటి? నీటి ఆవిరి కంటికి కనబడదు. మనం పొగలాగా చూసేది ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి బిందువులను. చలికాలంలో గుంటల మీద ఆ తెర దట్టంగా కమ్ముకుంటుంది. జూలై ఎండలో గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది కనుక తెర పలచబడిపోతుంది. పైగా స్వచ్ఛమైన లోతు నీరు కాంతిలోని ఎరుపును పీల్చుకుంటుంది కనుక గుంట నీలంగా, చల్లని చెరువులా కనబడుతుంది. దాహంతో ఉన్న కుక్కకు ఇంకేం కావాలి?

గట్టు కూడా నమ్మదగింది కాదు. వేడినీటిలో కరిగి వచ్చిన సిలికా అంచుల్లో పేరుకుని తెల్లని పొర కడుతుంది. చూడడానికి రాతినేల, కొన్నిచోట్ల అప్పడమంత పలచన, దాని కింద మరిగే నీరు. చెక్కబాటలు వేసింది అందుకే.

ఇక బండి సంగతి. పార్కుల్లో కుక్కకు ప్రవేశం లేని చోటు వచ్చినప్పుడు కొందరు దాన్ని బండిలో పెట్టి, తలుపులు మూసి, "పది నిమిషాల్లో వచ్చేస్తాం" అంటూ వెళతారు. ఎండలో నిలబెట్టిన బస్సులోకి మధ్యాహ్నం పూట ఎక్కిన వాళ్లెవరికైనా ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, బయట 22 డిగ్రీలే ఉన్న రోజున, మూసిన కారు లోపల గంటలో 47 డిగ్రీలకు చేరింది. పెరుగుదలలో నూటికి 80 వంతులు మొదటి అరగంటలోనే వచ్చింది. కిటికీలు కొంచెం దించి ఉంచినా పెద్దగా తేడా కనబడలేదు.

గాజు సూర్యకాంతిని లోపలికి రానిస్తుందనీ, లోపలి సీట్లు వేడెక్కి వెలువరించే పరారుణ కిరణాలను బయటికి పోనివ్వదనీ చాలా పుస్తకాలు చెబుతాయి. అబద్ధం కాదు, కాని సగమే నిజం. 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు రెండు చిన్న పెట్టెలు చేసి, ఒకదానికి గాజుపలక, రెండోదానికి పరారుణ కిరణాలను కూడా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు సమానంగానే వేడెక్కాయి! అంటే అసలు కారణం వేడిగాలి పైకి లేచి పారిపోవడానికి దారి లేకపోవడం. మీరు కూడా రెండు గాజుసీసాలు, రెండు ఉష్ణమాపకాలతో చేసి చూడవచ్చు. ఒక సీసాకు మూత బిగించి, రెండోదానికి తీసివేసి ఎండలో పెట్టి, అయిదేసి నిమిషాలకు ఉష్ణోగ్రత రాసుకోండి.

ఆ వేడిలో మనమైతే చెమట పోస్తాం. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. అటువంటి చెమట గ్రంథులు దాని అరికాళ్లలో ఉంటాయి, అవి చాలవు. అందుకే నాలుక చాచి రొప్పుతుంది. గాలిని ఎక్కువగా ముక్కుతో పీల్చి నోటితో వదులుతుంది. ముక్కు లోపలి తడి పొరల మీదుగా గాలి పోతున్నప్పుడు నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది. రొప్పేటప్పుడు నిమిషానికి 300 సార్లకు పైగా శ్వాస ఆడుతుంది. అంత వేగంగా కండరాలు పనిచేస్తే ఆ పనికే ఒళ్లు కాగిపోదా? ఇక్కడ కుక్క భలే కిటుకు పాటిస్తుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తే కొద్ది బలం చాలు గదా! కుక్క ఛాతీకి కూడా అలాంటి సహజమైన ఊపు ఒకటుంది. సరిగ్గా ఆ ఊపులోనే అది రొప్పుతుంది.

చిన్న లెక్క వేద్దాం. 20 కిలోల కుక్క ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గాలంటే సుమారు 16,600 కెలోరీలు బయటికి పోవాలి. ఒంటి ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. భాగిస్తే 29 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాల నీరు. ఎంత చవక! అయితే ఒక షరతుంది: చుట్టూ ఉన్న గాలి ఆ ఆవిరిని తీసుకోగలగాలి. కోస్తా జిల్లాల పిల్లలకు ఉక్కపోత అంటే చెప్పనక్కర లేదు. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. మూసిన బండిలో కుక్క తన ఊపిరితోనే గాలిని తేమతో నింపేస్తుంది. అది ఎంత రొప్పితే అంత ఉక్క.

దారిలో మరో రెండు చోట్లు. గ్రాండ్ కాన్యన్‌లో గట్టు మీది బాటల్లో కుక్కను తాడుతో నడిపించవచ్చు, లోయలోకి దింపకూడదు. లోయలోకి దిగితే చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. కాని గాలి కిందికి దిగేకొద్దీ పీడనం పెరిగి, కుదించుకుపోయి వేడెక్కుతుంది. వెయ్యి మీటర్లు దిగితే దాదాపు 10 డిగ్రీలు ఎక్కువ. రెండోది డెత్ వ్యాలీ, సముద్రమట్టానికి 86 మీటర్లు పల్లం. అక్కడ 1972 జూలైలో నేల ఉష్ణోగ్రతను కొలిస్తే దాదాపు 94 డిగ్రీలు వచ్చింది. సెలెస్టీన్ గుంట నీటి వేడి ఎంతో గుర్తుంది గదా? మనకు చెప్పులున్నాయి.

కుక్కలను దూరంగా ఉంచడానికి మరో కారణం ఉంది. యెల్లోస్టోన్‌లో 1926 నాటికి తోడేళ్లను వేటాడి లేకుండా చేశారు. 1995, 1996లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి మళ్లీ వదిలారు. 1999, 2005, 2008 సంవత్సరాల్లో డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి సోకి వాటి పిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. నక్కలు, కాయోటీలు కూడా ఈ వ్యాధిని మోస్తాయి కనుక నెపమంతా పెంపుడు కుక్కల మీద వేయలేం. కాని ఆఫ్రికాలోని సెరెంగెటిలో 1994లో ఇదే వ్యాధితో మూడోవంతు సింహాలు చనిపోయినప్పుడు, చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచే అది వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావించారు. 2018లో మన గిర్ అడవిలోనూ ఈ వైరస్ సింహాలను చంపింది. కుక్కకు వేసే చిన్న టీకా దానితోపాటు తోడేలుకూ సింహానికీ పనికొస్తుంది.

చార్లీ కంటే ముందే మోటారు బండిలో అమెరికా దాటిన కుక్క ఒకటుంది. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు, సీవాల్ క్రోకర్ అనే మెకానిక్కు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్కుకు 63 రోజుల్లో కారు నడిపారు. మోటారు కారు ఆ ఖండాన్ని దాటడం అదే మొదటిసారి. దారిలో ఐడహోలో బడ్ అనే బుల్‌డాగ్‌ను కొని ఎక్కించుకున్నారు. కారుకు పైకప్పు గాని ముందు అద్దం గాని లేవు. ఎండిన మైదానాల క్షారపు దుమ్ము కళ్లలో పడుతుంటే, కుక్కకున్న మూడో రెప్ప కూడా ఆపలేకపోయింది. బడ్ కళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు జాక్సన్ తాము పెట్టుకున్నట్లే దానికీ దుమ్ము కళ్లజోడు పెట్టాడు. ఆ కారు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బడ్ కళ్లజోడు కూడా అక్కడే ఉంది.