కర్ణనాదం

ఊరంతా నిద్రించే వేళ కొందరి చెవులలో ఈల, కీచురాళ్ల రొద, సముద్రపు హోరు వంటి ధ్వనులు ఎడతెగక వినిపిస్తూ ఉంటాయి. ఆ ధ్వనికి వెలుపల మూలం లేదు. పక్కనున్న వారికి సాధారణంగా అది వినిపించదు. అందుచేత బాధితుని మాటను నమ్మేవారు తక్కువ. ఈ స్థితిని వైద్యశాస్త్రం టిన్నిటస్ అంటుంది. సుశ్రుత సంహిత పేర్కొన్న 28 కర్ణరోగాలలో ఇది కర్ణనాదమనే పేరుతో కనిపిస్తుంది. నెలల తరబడి కొనసాగినప్పుడు దీనిని దీర్ఘకాలికమైనదిగా పరిగణిస్తారు.

జర్మన్ సంగీతకర్త బీథోవెన్ తన చెవులలో రేయింబవళ్లు రొద మోగుతున్నదని 1801లో వైద్యుడైన మిత్రునికి లేఖ రాశాడు. వినికిడి తగ్గిన సంగతి నలుగురికీ తెలియరాదని ఆయన సభలకు, విందులకు దూరమయ్యాడు. ధ్వని కలిగించిన బాధకు ఒంటరితనం తోడయింది. నేటి రోగులలో పలువురి అనుభవం కూడా ఇదే.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. ధ్వని తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి ఇవే. పెద్ద శబ్దాల వలన, వయసు వలన, కొన్ని మందుల వలన ఇవి నశిస్తాయి. మానవునిలో ఇవి తిరిగి పుట్టవు. చెవి నుండి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన గ్రహణశక్తిని పెంచుకొంటుందనీ, ఆ ప్రయత్నమే హోరుగా వినిపిస్తుందనీ శాస్త్రజ్ఞులలో అనేకుల అభిప్రాయం.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే అమెరికన్ పరిశోధకులు వినికిడి లోపం లేని 80 మందిని ధ్వని చొరని గదిలో కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక ధ్వని విన్నామని చెప్పారు. అనగా ధ్వని వినిపించడం ఒక్కటే రోగం కాదు. దానిపై భయం, ఆందోళన పెరిగిన కొద్దీ మెదడు దానినే గమనిస్తుంది. గమనించిన కొద్దీ నిద్ర కరవై బాధ ఇనుమడిస్తుంది.

రోగనిర్ధారణలో వైద్యుడు మొదట చెవిని పరీక్షించి గులిమి, చీము ఉన్నవేమో చూస్తాడు. రోగి వాడుతున్న మందులను విచారిస్తాడు. పిదప ఆడియోమెట్రీ ద్వారా వినికిడిని కొలుస్తారు. హోరు ఒక చెవికే పరిమితమైనా, నాడితో కలిసి కొట్టుకొంటున్నా స్కానింగ్ అవసరం కావచ్చు. హఠాత్తుగా వినికిడి పోతే ఆలస్యం చేయక వైద్యుని చేరాలి.

హోరును పూర్తిగా తుడిచివేసే మందు ఇంతవరకు లేదు. జింక్, గింగో బిలోబా వంటివి వాడవద్దని అమెరికా చెవి వైద్యనిపుణులు 2014లో సూచించారు. అయితే మందు లేకపోవడమంటే చికిత్స లేకపోవడం కాదు. వినికిడి తగ్గిన వారికి శ్రవణయంత్రం మేలు చేస్తుంది. నిశ్శబ్దంలో మృదువైన ధ్వని వినడం కొందరికి ఉపశమనమిస్తుంది. ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్స బాధను తగ్గిస్తుందని పరిశోధనలు నిరూపించాయి. క్రమంగా మెదడు ఆ ధ్వనిని గోడ గడియారపు టిక్కుటిక్కు వలె పట్టించుకోకుండా ఉండడం నేర్చుకొంటుంది.

చికిత్స కన్నా నివారణ మేలు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినడం హానికరం. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ వ్యవధి సగమవుతుంది. ఊరేగింపులలో స్పీకర్ల చెంత నిలిచే యువకులు, గంటల కొలదీ ఇయర్‌ఫోన్లు వాడే విద్యార్థులు ఈ లెక్కను మరువరాదు. చెవి హోరెత్తుతున్నదని చెప్పిన మనిషిని అపహసించక వైద్యుని వద్దకు తోడుగా వెళ్లడం మానవధర్మం.